శంకుస్థాపనలు సరే, రోజూ నడిపేదెవరు?

రాయలసీమలో పరిశ్రమ గురించి వార్త వచ్చిందంటే అందులో మూడు సంగతులు తప్పకుండా ఉంటాయి. ఎన్ని వేల కోట్ల పెట్టుబడి, ఎన్ని ఎకరాల భూమి, ఎన్ని ఉద్యోగాలు. కర్నూలైనా, అనంతపురమైనా, కడపైనా ఇదే వరస. శంకుస్థాపన ఫొటోలు మొదటి పేజీలో వస్తాయి. ఆ తర్వాత గేటు లోపల ఏం జరుగుతోందో, పొద్దున ఆరు గంటల షిఫ్టు ఎవరు మొదలుపెడుతున్నారో, రావలసిన సరుకు దారిలో ఆగిపోతే రాత్రంతా ఎవరు ఫోన్లు చేస్తూ కూర్చుంటున్నారో మనం పెద్దగా పట్టించుకోం. ఒక సంస్థ నిలబడుతుందా, మూతపడుతుందా అన్నది చాలావరకు అక్కడే తేలుతుంది. ఈ రోజువారీ నడక చూసే విద్యనే ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్ అంటారు. మన జిల్లాలకు పెట్టుబడులు ఎంత అవసరమో, ఈ విద్య తెలిసినవాళ్లూ అంతే అవసరమని, వాళ్లను తయారుచేసుకోవడంలో మనం బాగా వెనకబడ్డామని నా అభిప్రాయం.

ముడిసరుకు, మనుషులు, యంత్రాలు, సమయం. ఈ నాలుగింటినీ కలిపి, చెప్పిన రోజుకు, చెప్పిన నాణ్యతతో, గిట్టుబాటయ్యే ఖర్చులో ఒక వస్తువునో సేవనో అవతలివాళ్ల చేతికి అందించడం ఈ పని. ఫైనాన్స్ విభాగం డబ్బు తెస్తుంది, మార్కెటింగ్ విభాగం ఆర్డరు తెస్తుంది. ఆ రెండూ కలిసి సరుకుగా మారేది ఆపరేషన్స్‌లోనే. ఫ్యాక్టరీకే కాదు, బస్సు డిపోకు, ఆసుపత్రికి, మార్కెట్ యార్డుకు, వేలమందికి వండిపెట్టే సత్రానికి కూడా ఇది వర్తిస్తుంది.

పెద్ద ఉదాహరణ మన కళ్లెదుటే ఉంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోని కియా ప్లాంటుకు 2017లో ఒప్పందం కుదిరింది, 2019లో కార్ల ఉత్పత్తి మొదలైంది. అప్పుడది అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. మొదట్లో ఆ ప్లాంటుకు పెట్టుకున్న సామర్థ్యం ఏడాదికి 3 లక్షల కార్లు. ఈ అంకె చదివి ఆహా అనుకుని వదిలేయకుండా కొంచెం లెక్క వేసి చూద్దాం. ఏడాదికి 300 పని దినాలనుకుంటే రోజుకు 1,000 కార్లు. మూడు షిఫ్టుల్లో విరామాలు పోను 22 గంటలు లైను నడుస్తుందనుకుంటే, దాదాపు ప్రతి 80 సెకన్లకు ఒక కారు బయటకు రావాలి. ఇది నేను వేసిన ఉజ్జాయింపు లెక్కే అయినా దీని అర్థం చాలా పెద్దది. లైను మీద ఒక్కొక్క స్థానంలో నిలబడ్డ మనిషి తన వంతు పని ఆ 80 సెకన్లలో ముగించాలి. తెల్ల కారు వచ్చే వేళకు తెల్ల బంపరే చేతికి అందాలి. సీట్లు తెచ్చే లారీ హైవే మీద గంటసేపు ఆగిపోతే ఆ దెబ్బ ఒక్క సీట్లతో పోదు, లైను మొత్తానికి తగులుతుంది. విడిభాగాల కంపెనీలు కొన్ని ఆ చుట్టుపక్కలే వెలియడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

ఈ పద్ధతికి వందేళ్లు దాటిన చరిత్ర ఉంది. 1913లో అమెరికాలోని హైలాండ్ పార్క్ ప్లాంటులో హెన్రీ ఫోర్డ్ కదిలే అసెంబ్లీ లైను పెట్టాక, కారు ఛాసిస్ బిగించడానికి పన్నెండున్నర గంటలు పట్టేది గంటన్నరకు దిగింది. తర్వాత జపాన్‌లో టొయోటా ఇంజనీరు తైచీ ఓనో ఇంకో అడుగు వేశాడు. అవసరానికి మించి చేయడం, ఎదురుచూడడం, అనవసరంగా అటూఇటూ మోయడం, గుట్టలుగా నిల్వ పెట్టడం, ఇవన్నీ వృథాయేనన్నాడు. లోపం కనిపిస్తే లైను మీద ఉన్న మామూలు కార్మికుడు కూడా తాడు లాగి పని ఆపించే ఏర్పాటు టొయోటాలో ఉంది. నాకు ఇందులో అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇదే. లోపాన్ని చివర్లో ఇన్‌స్పెక్టరు పట్టుకోవడం కాదు, పుట్టిన చోటే దాన్ని ఆపే అధికారం పని చేసే మనిషి చేతికి ఇచ్చారు. మన చిన్న యూనిట్లలో ఎన్నిచోట్ల కార్మికుడు 'సార్, ఇది తేడాగా ఉంది' అని ధైర్యంగా చెప్పగలడు?

అయితే మనలో ఎక్కువమంది పని చేసేది కార్ల ప్లాంటులో కాదు. రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్లు, తాడిపత్రిలో, బేతంచెర్లలో నాపరాయి పాలిష్ పట్టే యూనిట్లు, ఆదోనిలో పత్తి జిన్నింగ్ మిల్లులు, ప్రొద్దుటూరులో బంగారం పని, ధర్మవరంలో పట్టుచీరల మగ్గాలు. ఇలాంటి చోట్ల ఆపరేషన్స్ మేనేజర్ అనే బోర్డు ఎక్కడా కనిపించదు. యజమానే అన్నీ చూసుకుంటాడు, లేదా నమ్మకస్తుడైన సూపర్‌వైజర్ చూస్తాడు. పేరు ఏదైనా పని మాత్రం ఇదే.

ఒక కుట్టు యూనిట్ తీసుకుందాం. కటింగ్ బల్ల దగ్గర రోజుకు 600 ప్యాంట్ల గుడ్డ కత్తిరించగలరు. కుట్టు లైనులో 350 అవుతాయి. కాజాలు, బటన్లు, ఇస్త్రీ, ప్యాకింగ్ కలిపి 500 చేయగలరు. ఆ యూనిట్ నుంచి రోజుకు బయటకొచ్చేవి 350 మాత్రమే. ఈ సంగతి అందరికీ తెలిసినట్టే ఉంటుంది. కానీ చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే చాలామంది కొనేది కొత్త కటింగ్ మెషిన్. కటింగ్ 900కు పెరుగుతుంది, కుట్టు దగ్గర కట్టల గుట్ట పెరుగుతుంది, గుడ్డ మీద పెట్టిన డబ్బు ఆ గుట్టలో ఇరుక్కుంటుంది, బయటకొచ్చేవి మాత్రం అదే 350. ఇరుకు ఎక్కడుందో కనిపెట్టి, అక్కడి మెషిన్ ఒక్క గంట కూడా ఖాళీగా ఉండకుండా చూసుకోవడం ఈ విద్యలో మొదటి పాఠం. కుట్టు లైనులో ఇద్దరు సెలవు పెడితే కటింగ్ నుంచి కుట్టు తెలిసినవాళ్లను అక్కడ కూర్చోబెట్టాలి. దారం అయిపోయి, సూది విరిగి ఆ లైను ఆగకూడదు. భోజనానికి అందరూ ఒకేసారి లేవకుండా వంతులు వేయాలి. పైసా పెట్టుబడి లేకుండా 350ని 400 చేసే మార్గాలు ఇవి. వీటికి కావలసింది పక్కన నిలబడి చూసే ఓపిక, చూసింది రాసిపెట్టుకునే అలవాటు.

ఇక ఆర్టీసీ సంగతి. మన జిల్లాల్లో ఆపరేషన్స్ మేనేజర్ అంటే ఎవరో ఎవరికైనా చూపించాలంటే నేను డిపో మేనేజర్‌నే చూపిస్తాను. ఏ సర్వీసుకు ఏ బస్సు, ఏ డ్రైవరు, ఏ కండక్టరు. రాత్రి డ్యూటీ దిగినవాళ్లకు విశ్రాంతి దొరికిందా లేదా. గ్యారేజీలో ఎన్ని బండ్లు ఆగి ఉన్నాయి. స్పేర్ బస్సు ఉందా. ఓఆర్, అంటే నిండిన సీట్ల శాతం, ఎంత వచ్చింది, కేఎంపీఎల్, అంటే లీటరు డీజిలుకు నడిచిన కిలోమీటర్లు, ఎంత పడింది. ఈ లెక్కలన్నీ రోజు మొదలు కాకముందే ఆయన బల్ల మీద ఉంటాయి. తెల్లారి నాలుగున్నర సర్వీసు రద్దయితే దాని మీద ఆధారపడ్డ కూలీలు, విద్యార్థులు, ఆసుపత్రికి వెళ్లేవాళ్లు బస్టాండులో నిలబడిపోతారు. మేనేజ్‌మెంట్ పాఠాల్లో చెప్పే షెడ్యూలింగ్, మెయింటెనెన్స్, కెపాసిటీ ప్లానింగ్ అన్నీ అక్కడ రోజూ ఆచరణలో జరుగుతుంటాయి.

మహాశివరాత్రికి శ్రీశైలం స్పెషల్ బస్సుల్నే చూడండి. కర్నూలు నుంచి ఆత్మకూరు, దోర్నాల మీదుగా బస్సు వెళ్లి, భక్తులను దించి, మళ్లీ నింపుకుని రావడానికి 12 గంటలు పడుతుందనుకుందాం. పది నిమిషాలకొక బస్సు బయలుదేరాలంటే గంటకు ఆరు. 12ను 6తో గుణిస్తే 72 బస్సులు కావాలి. ఇప్పుడు ఘాట్‌లో ట్రాఫిక్ జామ్ వల్లో, పైన పార్కింగ్ దొరక్కో ఆ 12 గంటలు 16 గంటలయ్యాయనుకోండి. అదే పది నిమిషాల సర్వీసు నిలబెట్టడానికి 96 బస్సులు కావాలి. నాలుగు గంటల ఆలస్యానికి మనం చెల్లించేది 24 బస్సులు, వాటి సిబ్బంది, డీజిలు. ఆ బస్సులు ఎక్కడి నుంచి వస్తాయి? పల్లె సర్వీసుల నుంచి తీసుకొస్తారు. పైగా అవే బస్సులు ఘాట్ మీదికి ఎక్కి జామ్‌ను ఇంకా పెంచుతాయి. జాన్ లిటిల్ అనే అమెరికన్ ఆచార్యుడు 1961లో నిరూపించిన సూత్రం సరిగ్గా ఇదే చెబుతుంది: వ్యవస్థలో ఉన్నవాటి సంఖ్య, అవి వచ్చే వేగాన్ని ఒక్కొక్కటి లోపల గడిపే సమయంతో గుణిస్తే వచ్చేదానికి సమానం. కాబట్టి పండుగ ముందు 'ఎన్ని బస్సులు అదనంగా వేస్తున్నాం' అన్న ప్రకటన కంటే, పైన బస్సు ఎంతసేపు ఆగుతోంది, దింపే చోటు ఎక్కే చోటు వేరుగా ఉన్నాయా, కార్లను ఎక్కడ ఆపుతున్నాం అన్న ప్రశ్నలకు ఎక్కువ ఫలితం ఉంటుంది. ఉగాదికి కర్ణాటక నుంచి భక్తులు లక్షల్లో వచ్చినప్పుడూ ఇదే లెక్క.

ఆసుపత్రి క్యూల విషయంలో మన ఆలోచన ఇంకా తప్పుగా ఉంటుంది. డాక్టరు ఒక్క నిమిషం కూడా ఖాళీగా ఉండకపోతే ఆసుపత్రి బ్రహ్మాండంగా నడుస్తున్నట్టు అనుకుంటాం. రోగులు ఎప్పుడు పడితే అప్పుడు వస్తుంటే, ఒక్కొక్కరికి పట్టే సమయం వేరువేరుగా ఉంటే, సాధారణ గణిత నమూనా ప్రకారం డాక్టరు సమయంలో 80 శాతం నిండితే ఆ గది దగ్గర సగటున నలుగురు ఉంటారు. 90 శాతం నిండితే తొమ్మిది మంది. 95 శాతం నిండితే పందొమ్మిది మంది. పని పెరిగింది కొంచెమే, క్యూ మాత్రం దాదాపు అయిదింతలు. కోపెన్‌హేగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1909లో మొదలుపెట్టిన శాస్త్రం ఇది. కర్నూలు పెద్దాసుపత్రికి సీమ జిల్లాల నుంచే కాదు, పక్క రాష్ట్రాల సరిహద్దు ఊళ్ల నుంచీ జనం వస్తారు. అలాంటి చోట కాస్త ఖాళీ ఉంచుకోవడాన్ని సోమరితనంగా చూడకూడదు. అనుకోకుండా వచ్చే రద్దీని తట్టుకునేది ఆ ఖాళీయే. పొద్దున్నే ఓపీ చీటీల దగ్గర తోపులాట, మధ్యాహ్నానికి కౌంటర్లు ఖాళీ అయ్యే పరిస్థితి ఎక్కడున్నా, పాత రోగులకు వేరే సమయం ఇవ్వడం, రక్తపరీక్ష చీటీ ముందే రాసివ్వడం లాంటి చిన్న మార్పులు కొత్త భవనం కంటే ముందు చేయాలి. చంటిబిడ్డను ఎత్తుకుని మూడు గంటలు నిలబడే తల్లికి తేడా తెలిసేది అక్కడే.

నిల్వల విషయానికొస్తే, అన్ని చోట్లా ఒకే సూత్రం పనికిరాదు. కార్ల ప్లాంటు తక్కువ నిల్వతో నడవాలని చూస్తుంది. కడప జిల్లా ఎర్రగుంట్ల దగ్గరి ఆర్టీపీపీ అలా నడిస్తే కుదరదు. అది 1,650 మెగావాట్ల థర్మల్ కేంద్రం. యూనిట్ కరెంటుకు ముప్పావు కిలోకు కాస్త తక్కువ బొగ్గు అనుకున్నా, పూర్తి సామర్థ్యంతో నడిచిన రోజున ఆరేడు గూడ్సు రైళ్ల బొగ్గు కావాలి. గనులేమో వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. బొగ్గు అడుగంటి యూనిట్లు ఆపిన సందర్భాలు ఉన్నాయి. అక్కడ యార్డులో ఉన్న బొగ్గు గుట్ట ఒక రకంగా బీమా. ఎక్కడ నిల్వ తగ్గించాలి, ఎక్కడ పెంచాలి అన్నది పరిస్థితిని చూసి తేల్చగలవాడే మంచి మేనేజర్.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది మాత్రం టమాటా. పత్తికొండ, ఆస్పరి, ప్యాపిలి ప్రాంతాల్లో ధర పడిపోయి రైతులు గంపలకు గంపలు రోడ్డు మీద పారబోసిన దృశ్యాలు మళ్లీ మళ్లీ చూస్తున్నాం. ఒక ఏడు ధర బాగా పలికితే మరుసటి పంటకు అందరూ టమాటానే వేస్తారు, అందరి కాయా ఒకే నెలలో మార్కెట్‌కు వస్తుంది. అలా జరిగిన ప్రతిసారీ వచ్చే డిమాండ్ ఒకటే: ప్రాసెసింగ్ యూనిట్ పెట్టండి. డిమాండ్ న్యాయమైనదే, నేనూ సమర్థిస్తాను. కానీ భవనం కట్టి మెషిన్లు బిగించినంత మాత్రాన అది నడవదు.

మన మార్కెట్‌కు వచ్చే కూర టమాటాలో నీరు పోగా మిగిలే పదార్థం సుమారు 4–5 శాతమే. కంపెనీలు కొనే చిక్కటి గుజ్జులో అది 28 శాతం దాకా ఉండాలి. అంటే కిలో గుజ్జుకు ఆరు కిలోల టమాటా కావాలి, మిగతా నీళ్లను ఆవిరి చేయడానికి ఇంధనం కాల్చాలి. గుజ్జు కోసమే పెంచే రకాలు వేరే ఉన్నాయి, వాటిలో నీరు తక్కువ. రెండో చిక్కు, సీజన్. ధర పడిపోయే రెండు మూడు నెలలు మాత్రమే ఫ్యాక్టరీకి చవకగా కాయ దొరుకుతుంది. మిగతా తొమ్మిది నెలలు జీతాలు, బ్యాంకు వడ్డీ, కరెంటు బిల్లు ఆగవు కదా. మూడోది, మార్కెట్లో కిలో 30 రూపాయలు పలికిన రోజున రైతు ఫ్యాక్టరీకి 6 రూపాయలకు ఎందుకిస్తాడు? ఇవ్వనక్కర్లేదు కూడా. అందువల్ల యూనిట్ పెట్టకముందే తేల్చుకోవాల్సినవి చాలా ఉన్నాయి. గుజ్జు రకం ఎంతమంది రైతులు వేస్తారు, వాళ్లకు ముందే ఒప్పుకున్న కనీస ధర ఎంత, నారు పదేసి రోజుల తేడాతో ఎలా ఇస్తారు, టమాటా లేని నెలల్లో అదే లైను మీద మామిడి, జామ, మిరప ఏవి నడుస్తాయి, మెషిన్ కడిగి ఒక సరుకు నుంచి ఇంకో సరుకుకు మారడానికి ఎంతసేపు పడుతుంది. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పే మనిషి ప్రాజెక్టు రిపోర్టు రాసే రోజు నుంచే ఉండాలి. ఆపరేషన్స్ తెలిసినవాణ్ణి రిబ్బన్ కత్తిరించాక వెతికితే ఆలస్యమైపోతుంది.

అనంతపురం నుంచి ఢిల్లీ ఆదర్శ్‌నగర్‌కు 2020 సెప్టెంబరులో కిసాన్ రైలు బయలుదేరింది. దక్షిణ భారతంలో అదే మొదటిది. చీనీ, అరటి, టమాటా, మామిడి పండించే జిల్లాకు అది మంచి అవకాశం. రైలు ఉంటే చాలదు, ఆ రోజుకు, ఆ గంటకు పెట్టెలు నిండేలా ఎన్ని తోటల్లో కోత జరగాలి, హమాలీలు ఎంతమంది, గ్రేడింగ్ ఎక్కడ అన్న ఏర్పాటు దాని వెనక ఉండాలి. పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ 2025లో కపాస్ కిసాన్ యాప్ ద్వారా స్లాట్ పద్ధతి తెచ్చింది. రైతు ముందే తేదీ తీసుకుని రావడం మంచి ఆలోచన. అయితే ఒక రోజుకు ఎన్ని స్లాట్లు ఇవ్వాలన్నది ఆ మిల్లు కాటా ఎన్ని బండ్లు తూచగలదు, ఎన్ని దించగలదు అన్న కొలత మీద ఆధారపడాలి. కొలవకుండా ఇచ్చిన స్లాటు రైతుకు ఉత్త మాటే.

ఇంతకీ ఈ మేనేజర్ రోజంతా ఏం చేస్తాడు? నిన్న అనుకున్నదెంత, అయినదెంత, తేడా ఎందుకు వచ్చింది అని అడగడంతో పొద్దు మొదలవుతుంది. ఆ తర్వాత గది వదిలి షాప్‌ఫ్లోర్ మీద తిరుగుతాడు. ఫిట్టరు చెవికి వినిపించే బేరింగ్ శబ్దం ఏ రిపోర్టులోనూ ఉండదు, వెళ్లి వింటేనే తెలుస్తుంది. అమ్మకాల వాళ్లు శుక్రవారానికి సరుకు కావాలంటారు, మెయింటెనెన్స్ వాళ్లు గురువారం మెషిన్ ఆపాలంటారు. ఎవరి మాట నెగ్గాలో ఈయన తేల్చాలి. 'ఈ వారం కుదరదులే' అంటూ నాలుగు వారాలు దాటేస్తే అయిదో వారం మెషినే ఆగిపోతుంది, సరిగ్గా ఆర్డరు టెన్షన్ ఉన్న రోజునే.

ఇంకో బాధ్యత గురించి తక్కువగా మాట్లాడతారు. తాడిపత్రి వైపు రాయి కోసే యూనిట్లలో నీళ్లు పట్టి కోస్తే దుమ్ము అణిగిపోతుంది. తొందరలో పొడిగా కోస్తే, ముఖ్యంగా గ్రానైట్‌లో, ఆ సన్నని దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయి సిలికోసిస్ తెస్తుంది. దానికి నయం చేసే మందు లేదు. రోజుకు పది పలకలు ఎక్కువ తీయించి నలభై ఏళ్లకే మనిషిని మంచాన పడేసే ఉత్పత్తిని నేను సామర్థ్యం అని ఒప్పుకోను. కార్మికుడి ఆరోగ్యం ఆపరేషన్స్ లెక్కలోని మొదటి వరుసలో ఉండాలి, హెచ్‌ఆర్ ఫైలు చివర్లో కాదు.

ఇలాంటి మనుషులను తయారుచేసే వనరులు మనకు లేకపోలేదు. అనంతపురంలో జేఎన్‌టీయూ, ఎస్కే యూనివర్సిటీ, కడపలో యోగి వేమన, కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం ఉన్నాయి. కర్నూలులోనే 2015లో మొదలైన ట్రిపుల్ ఐటీ ఉంది, డిజైన్‌తో పాటు తయారీ రంగం కోసమే పెట్టిన సంస్థ అది. కానీ ఎంబీఏలో చేరే మన పిల్లల్లో ఎక్కువమంది హెచ్‌ఆర్, మార్కెటింగ్, ఫైనాన్స్ వైపే చూస్తారు. ఆపరేషన్స్ అంటే దుమ్ము, షిఫ్టులు, లెక్కలు అన్న భయం. ప్రాజెక్టు వర్క్ అంటే చాలాచోట్ల పాత రిపోర్టు పేరు మార్చి బైండింగ్ చేయించడం. ఇది పిల్లల తప్పని నేననను. వాళ్లకు చూపించాల్సింది మనం చూపించలేదు.

వచ్చే శివరాత్రికి ఒక యాభై మంది విద్యార్థులను ఆత్మకూరు, దోర్నాల, శ్రీశైలం బస్టాండుల్లో నిలబెట్టి ప్రతి బస్సు వచ్చిన సమయం, వెళ్లిన సమయం రాయించవచ్చు. ఇంకో జట్టు పత్తికొండ యార్డులో సీజనంతా రోజూ వచ్చిన గంపలు, పలికిన ధర, పారబోసిన సరుకు నమోదు చేయవచ్చు. రాయదుర్గం కుట్టు యూనిట్లో నెలరోజులు కూర్చుని కట్టలు ఎక్కడ ఆగుతున్నాయో లెక్కపెట్టవచ్చు. పాలిటెక్నిక్, ఐటీఐ పిల్లలనూ వీళ్లతో కలపాలి, ఎందుకంటే షాప్‌ఫ్లోర్ మీద రేపు నిలబడేది వాళ్లే. వీటికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. విశ్వవిద్యాలయం ఒక ఉత్తరం రాయాలి, ఆర్టీసీ, మార్కెటింగ్ శాఖ అనుమతి ఇవ్వాలి, రాసిన లెక్కలను జిల్లా కలెక్టర్ కార్యాలయం తెప్పించుకుని చదవాలి. పత్తికొండలో అలాంటి లెక్క రెండు మూడు సీజన్లది చేతిలో ఉంటే, అక్కడ పెట్టబోయే యూనిట్ గంటకు ఎన్ని టన్నులది కావాలో ఎవరూ ఊహించి చెప్పక్కర్లేదు.